మునిరత్నం సార్ మా థియేటర్‌లో నిలబడ్డ రోజు

నిన్న పొద్దున వార్డులో రౌండ్స్‌లో ఉన్నాను. పలమనేరు నుంచి ఫోన్.

"మునిరత్నం సార్ పోయినాడు మేడమ్. హార్ట్ ఎటాక్."

"ఏ మునిరత్నం?" అని అడిగాను.

నాకు తెలిసిన మునిరత్నం ఒక్కరే. అయినా అడిగాను. ఇంకెవరో అయితే బాగుండునని.

తెలియనివాళ్ళ కోసం చెప్తున్నా. తిరుపతిలో నేను సర్జన్‌గా పనిచేసే హాస్పిటల్‌కి ఆయన అడ్మినిస్ట్రేటర్. మొదట్లో మా ఇద్దరికీ ఉప్పూ నిప్పూ.

ఖర్చు తగ్గించాలని ఒకసారి చెప్పాపెట్టకుండా ఆపరేషన్ థియేటర్ గ్లవ్స్ మార్చేశారు. చవక రకం. ఆపరేషన్ మధ్యలో చిరిగిపోయేవి. ఇన్‌ఫెక్షన్ వస్తే పేషెంట్‌కీ ప్రమాదమే, నాకూ ప్రమాదమే.

నాకసలే కోపం ముక్కు మీద ఉంటుంది. రాజీనామా రాసి ఆయన టేబుల్ మీద పడేశాను. బెంగళూరులో వేరే ఉద్యోగం కూడా మాట్లాడుకున్నాను.

ఆయన చదివి, మెల్లగా అన్నారు.

"రేపు మీ థియేటర్లో దినమంతా నిలబడతా డాక్టరమ్మా. అప్పుడు గూడా పోతానంటే నేనే సంతకం పెడతా."

రక్తం చూస్తే కళ్ళు తిరిగే మనిషి!

అయినా వచ్చారు. మాస్క్ పెట్టుకుని, గోడకి ఆనుకుని, లోపల్లోపల గోవిందా గోవిందా అనుకుంటూ నిలబడ్డారు. సిస్టర్లు ఒకటే నవ్వు.

రెండో కేసులో నా గ్లవ్ చిరిగింది. చెయ్యి పైకెత్తి చూపించాను. గెలిచాననే అనుకున్నాను.

కేసులన్నీ అయ్యాక ఆయన నన్ను చెత్త డబ్బా దగ్గరికి పిలిచారు.

"గ్లవ్స్ తప్పు నాది. పాత రకమే తెప్పిస్తా. మరి ఇది ఎవురి తప్పు తల్లీ?"

డబ్బాలో కుట్లు వేసే దారం ప్యాకెట్లు. విప్పినవి, వాడనివి. ఎందుకైనా మంచిదని నేనే ప్రతి కేసుకీ ముందుగా నాలుగు విప్పించేదాన్ని. వాడేది ఒకటో రెండో. ఒకసారి విప్పాక మిగతావి పారేయాల్సిందే.

అన్నేళ్ళ అలవాటు. ఒక్కసారి కూడా ఆ డబ్బాలోకి చూడలేదు నేను.

"మీరు అడగంది ప్యాకెట్ ఇప్పేది లేదు. మిమ్మల్ని అడగంది నేను కొనేదీ లేదు. సరేనా?"

సరేనన్నాను. నా రాజీనామా నేనే చింపుకున్నాను.

అంతటితో గొడవలు ఆగిపోయాయనుకోకండి. కాకపోతే ఏది తగ్గించాలన్నా ముందు నాకే ఫోన్ చేసేవారు. "తిట్టేదుంటే ఇప్పుడే తిట్టేయండి డాక్టరమ్మా. ఆర్డర్ పెట్టేసినాక తిడితే నేనేం జేసేది?"

భలే మనిషి అబ్బా!

నిన్న సాయంత్రం పలమనేరులో వాళ్ళింటికి వెళ్ళాను. ఆయన భార్య నా చెయ్యి పట్టుకుని వదల్లేదు.

"నువ్వు పోతానన్న దినం ఆయన అన్నం తినలేదమ్మా. ఈ బిడ్డ ఎళ్ళిపోతే నేను ఎంత మిగిలిచ్చి ఏం లాభం అన్నాడు."

ఆ సంగతి నాకు నిన్నటిదాకా తెలియదు. అక్కడే కూర్చుని ఏడ్చేశాను.

సార్, ఈ ఊళ్ళో నేనింకా ఆపరేషన్లు చేస్తున్నానంటే మీ వల్లే. ఈ మాట మీ ముందర ఒక్కసారీ అనలేదు. పొగరు నాకు. ఇప్పుడు అందరి ముందూ అంటున్నాను, వినడానికి మీరు లేరు.

వెళ్ళి రండి సార్. ఇకనైనా మీరు ప్రశాంతంగా ఉండాలి.