ఓర్సెట్టా జుట్టు బంగారమైన వేసవి

వెనిస్ ఓడల రేవులో తెరచాపలు కుట్టే ఓర్సెట్టాకు దేవుడు మంచి ముఖమే ఇచ్చాడు కానీ, దాన్ని చూసే తీరిక ఎవరికీ ఇవ్వలేదు. ఆ లోటు తీర్చడానికే అన్నట్టు చిత్రకారుడు బస్తియాన్ మేస్త్రి ఒకనాడు ఆమె ముందు ప్రత్యక్షమయ్యాడు. అద్దం చూసుకునే సుందరి బొమ్మ వేస్తాడట. ముఖం సరిపోయింది, జుట్టు మాత్రం బంగారు రంగులో ఉండాలి.

"నాది నల్ల జుట్టు కదా మేస్త్రిగారూ! మీ దగ్గర పసుపు రంగు అయిపోయిందా?"

"ఉన్నదే వేస్తాను తల్లీ, అబద్ధం వెయ్యను," అన్నాడా సత్యసంధుడు. "నువ్వు పోయాక కూడా జనం నీ ముఖం చూస్తారు, అది ఆలోచించుకో."

ఆ మాటకే ఆమె పడిపోయింది. జుట్టు రంగు తేలడానికి ఊళ్ళో అందగత్తెలందరూ చేసే తపస్సే తనూ మొదలుపెట్టింది: ఇంటి కప్పు మీది చెక్క మంచె ఎక్కడం, నడినెత్తి దగ్గర ఖాళీగా ఉండే గడ్డిటోపీ అంచు మీద జుట్టు ఆరబోసుకోవడం, బూడిదనీళ్ళలో గుర్రపు ఉచ్చ కలిపి పట్టించడం, ఎండలో మాడడం.

"ఏమే, ఇంకా వేగలేదా?" పక్క కప్పు మీంచి పొరుగింటి మెనెగా అరిచేది. "నీ కంపుకి మా పావురాలు వలస పోయాయే!"

"వాటి వెనకాలే నువ్వూ పో, పీడా పోతుంది!"

వేసవి చివరికి జుట్టు బంగారమైంది. బొమ్మ పూర్తయింది. ఆపైన, బాధ్యత తీరిన జుట్టు గుప్పెళ్ళుగా రాలి సెలవు పుచ్చుకుంది.

బొమ్మ కొన్న మిరియాల వర్తకుడి భార్య, తన పడకగదిలో పరాయి ఆడది అద్దం చూసుకోవడాన్ని ధర్మశాస్త్ర రీత్యా ఖండించింది. అబద్ధం వెయ్యని మేస్త్రి అద్దం చెరిపి చేతిలో పుర్రె పెట్టాడు, భుజాలు కప్పాడు, చెంపల మీద రెండు కన్నీటి బొట్లు జార్చాడు. సుందరి కాస్తా, తన పాత పాపాలకు ఏడ్చి పుణ్యాత్మురాలైన బైబిలు స్త్రీ మగ్దలేనే మరియమ్మ అయింది. వర్తకుడు ఆమెను పేట చర్చికి సమర్పించి పుణ్యం కూడా గిట్టించుకున్నాడు.

ఓర్సెట్టా పుర్రెను పట్టించుకోలేదు. ముఖం తనదే కదా, ఊరంతా చూస్తుంది కదా! పండగనాడు తలకు గుడ్డ చుట్టుకుని వెళ్ళి, ఆ బొమ్మ ముందే మోకరిల్లింది.

పక్కనున్న ముసలమ్మ కళ్ళొత్తుకుంటూ, "ఎంత జుట్టో మహాతల్లికి!" అంది.

ఓర్సెట్టా ఆగలేకపోయింది. "అవ్వా, ఆవిడ నేనే."

ముసలమ్మ ఆ తలగుడ్డను చూసింది, ముఖం చూసింది, జాలిగా భుజం తట్టింది.

"నేనూ ఆవిడేనమ్మా. పాపం చెయ్యని ఆడదెవరు? గట్టిగా ఏడువు, తేలికపడతావు."

ఓర్సెట్టా గట్టిగానే ఏడ్చింది. ఆ భక్తికి మెచ్చి వెనకవాళ్ళు కాస్త చోటిచ్చారు.