నడిమికి పెట్టిన ఊరి పేరు

2023లో నేను పెనుకొండలోని ఒక ప్రైవేటు టైలరింగ్ శిక్షణ సంస్థలో కంప్యూటర్ ఆపరేటర్‌ని. ఆడవాళ్లకు కుట్టు నేర్పి, పరీక్ష పెట్టి, సర్టిఫికెట్ ఇచ్చేవాళ్లం. పరీక్షకు మూడు సెంటర్లు: హిందూపురం, పెనుకొండ, ధర్మవరం. ఎవరు ఏ సెంటర్‌కు పోవాలో ఎక్సెల్‌లో పట్టిక వేయడం నా పని.

మా మేనేజరు సారుకు ఒక పిచ్చి ఉండేది. పట్టిక పెండ్లి పత్రికలా కనబడాలి. నేను ప్రతి పేరు పక్కనా సెంటర్ పేరు టైపు చేస్తే ఆయనకు కళ్లు మండేవి.

"ఏమ్మా, ధర్మవరం ధర్మవరం అని అన్నిసార్లు యాలా రాస్తివి? ఒక్కసారి రాసి నడిమికి పెట్టు. చూసేకి అందంగా ఉండాల."

ఆయన అడిగేది మెర్జ్ అండ్ సెంటర్. అంటే చాలా గడులను కలిపి ఒకే గడి చేసి, పేరును దాని మధ్యకు తేవడం. చూడటానికి బాగానే ఉంటుంది. కానీ ఎక్సెల్ లెక్కలో ఆ పేరు పై వరుసకే చెందుతుంది, కింది వరుసలన్నీ ఖాళీ. పైన పటారం, లోన లొటారం. ఈ మాట ఎన్నిసార్లు చెప్పినా ఆయన చెవికెక్కలేదు; చివరికి ఆయన అన్నట్టే గడులు కలిపాను.

పరీక్షకు ముందు నేను సెలవు పెట్టాను. ఆయనే కూర్చుని సెంటర్ల వారీగా సార్ట్ చేయబోయారు, అంటే అక్షర క్రమంలో పేర్చబోయారు. కలిపిన గడులుంటే ఎక్సెల్ సార్ట్ చేయనంటుంది. దాంతో గడులు విడదీశారు. సార్ట్ కొట్టగానే, సెంటర్ పేరు లేని వరుసలన్నీ అట్టడుగుకు జారి, అక్షర క్రమంలో చివరిదైన హిందూపురం కిందికి చేరాయి. ఆయన వాటన్నిటినీ హిందూపురంతో కలిపేసి, పేరు మళ్లీ నడిమికి పెట్టి, అందరికీ మెసేజ్‌లు పంపేశారు. ధర్మవరానికీ పెనుకొండకూ ఒక్కొక్క మనిషే మిగిలిందేమిటని అనుమానం కూడా రాలేదు మహానుభావుడికి!

పరీక్ష ముందు రోజు నేను వచ్చేసరికి ఫోన్లు మోగిపోతున్నాయి. పట్టిక దిద్ది, ఒక్కొక్కరికీ ఫోన్ చేసి చెప్పేసరికి తల ప్రాణం తోకకొచ్చింది. చెన్నేకొత్తపల్లి అంజినమ్మకు చేస్తే ఆమె భర్త ఎత్తాడు.

"అన్నా, అంజినమ్మకు పరీక్ష ధర్మవరంలోనే. హిందూపురమని తప్పుగా మెసేజ్ పోయింది."

"ఏం మాట్లాడతాండావమ్మా? ఆమె నిన్ననే చంటిబిడ్డనెత్తుకొని హిందూపురం పాయ. ఆడ మా మేనత్త ఇంట్లో ఉండాది. సర్టిఫికెట్ లేకుంటే గార్మెంట్స్‌లో పనికి రానీయరంట. ఇప్పుడు యాడ రాయాల?"

గోరుచుట్టు మీద రోకటిపోటు. తప్పు దిద్దితే పేరు ధర్మవరానికి పోతుంది, మనిషేమో హిందూపురంలో ఉంది, చంటిబిడ్డతో మళ్లీ అంత దూరం ఎట్లా తిప్పేది? అక్కడి పట్టికలో పేరు లేకపోతే గేటు దగ్గరే ఆపేస్తారు. ప్రింటు తీసిన హిందూపురం పట్టిక పట్టుకుని సారు దగ్గరికి పోయాను. ప్రింటరులో ఇంకు అయిపోయింది, అడుగున ఆమె పేరు చేత్తో రాస్తాను, సంతకం పెట్టండి అన్నాను.

"ప్రింటు ఇంత బాగా వచ్చినంక చేత్తో గీకితే ఏం బాగుంటాదమ్మా?"

నాకు ఒళ్లు మండిపోయింది. "ఆమెకు పని పోతాది సార్! మీ అందం ఎవురికి కావాల?" అని అరిచేశాను. ఆయన పెన్ను తీసి సంతకం పెట్టారు.

మరునాడు ఆ పట్టిక తీసుకుని నేనే హిందూపురం వెళ్లాను. అంజినమ్మ బిడ్డను మేనత్త చేతికిచ్చి వచ్చి, గేటుకు అంటించిన పట్టికలో పేరు చూసుకుంది. బెదురుతూ నా దగ్గరికొచ్చింది.

"అందరి పేర్లు ప్రింటులో ఉండాయి, నాది చేత్తో రాసిండారే అక్కా. నేనేమన్నా తప్పు చేసిండానా?"

"నీ తప్పేం లేదు తల్లీ, పోయి రాయి" అన్నాను. ఆ బెదురు చూస్తే ఏడుపొచ్చింది నాకు.

కొత్తగా ఈ పనికి వచ్చేవాళ్లకు నేను చెప్పేదొకటే. పైన శీర్షికను ఎంత నడిమికైనా పెట్టుకోండి. మనుషులుండే వరుసల్లో మాత్రం గడులు కలపకండి. చేతులు నొప్పి పుట్టినా సరే, ప్రతి పేరు పక్కనా ఊరు రాయండి. బిడ్డనెత్తుకుని బస్సెక్కేది ఒక్కొక్క మనిషే.