మామ మెయిన్ దించాడా?

మా మామ పోయి మూడు వారాలైంది. మా అమ్మకు ఒక్కడే తమ్ముడు. అరవై ఎనిమిదేళ్లు. చోళపురం దారిలో ఉన్న మామిడి తోపు నుంచి, బావిలో మామతోపాటు వంతున్న పక్క తోట ఆయన ఆ పొద్దున ఫోన్ చేశాడు.

"పాపా, అక్కకి మెల్లగా చెప్పు. మామ మోటారు రూములో పడి ఉండె. టెంకాయ మట్టతో బయటికి లాగి మంచం మీద పెట్టినాము. డాక్టరు వచ్చి చూసి, ప్రాణం లేదనె. స్టార్టరు మూత తీసి ఉండాది. కరెంటు మెయిన్ దించకుండానే చెయ్యి పెట్టినాడో ఏమో. ఆయనకు గవనం ఎప్పుడుండె?"

గవనం అంటే తమిళనాట మా రాజపాళయం మాటలో ధ్యాస. మామకు అది లేదని ఊరంతా అనేది. మా వాళ్లు పేరుకు ముందు ఇనిషియల్ పెట్టుకున్నట్టు, మామ పేరు ఎత్తే ముందు ఈ మాట ఒకటి అనేవాళ్లు. చనిపోయిన గంటలోనే మళ్లీ అదే మాట విని నాకు ఏడుపు కంటే ముందు కోపం వచ్చింది.

అమ్మకు చెప్పాను. అమ్మ కూర్చోలేదు, ఏడవలేదు. "మెయిన్ దించినాడా?" అని మాత్రం అడిగింది. ఆటోలో కూర్చున్నాక మళ్లీ అదే అడిగింది. తెలియదన్నాను. ఆ ప్రశ్న అమ్మకు ఎందుకంత ముఖ్యమో చెప్పాలంటే మామ గురించి చెప్పాలి.

మామ చేయని పని లేదు, నిలిచిన పనీ లేదు. నూలు మిల్లులో చేరి మానేశాడు. బ్యాండేజీ గుడ్డ నేసే మగ్గం కొని, ఆరు నెలలకు అమ్మేశాడు. కొత్తిమీర తెమ్మని పంపితే మా ఊరి తెల్ల కుక్కపిల్లను చంకలో పెట్టుకొచ్చాడు. మనం మాట మొదలుపెడితే తాను పూర్తి చేసేవాడు, అదీ తప్పుగా. నేను ఏడో తరగతిలో ఉండగా నన్ను సేత్తూరు బస్‌స్టాపులో కూర్చోబెట్టి, నీళ్ల సీసా తెస్తానని వెళ్లి, దారిలో ఎవరిదో మోటారు ఆగిపోయిందని విని అక్కడికి పోయాడు. మధ్యాహ్నం దాటాక గ్రీజు చేతులతో పరుగెత్తుకొచ్చి, నన్ను పట్టుకొని నాకంటే ఎక్కువ ఏడ్చాడు. నేను చాలా ఏళ్లు క్షమించలేదు. ఎంతమంది దగ్గర ఆ కథ చెప్పి నవ్వించానో లెక్కలేదు.

అదే మనిషి పాడైన మోటారు ముందు కూర్చుంటే లోకం తెలియదు. సేత్తూరు నుంచి తళవాయిపురం దాకా ఏ తోటలో మోటారు మొరాయించినా మామ కోసమే వచ్చేవాళ్లు. పొద్దున కూర్చుంటే అన్నం లేదు, మంచినీళ్లు లేవు, అది తిరిగేదాకా లేవడు. తన ఇంట్లో కొళాయి మాత్రం ఆరేళ్లు కారింది. ఈ రెండూ ఒకే మనిషిలో ఎలా ఉంటాయని ఎవరూ ఆలోచించలేదు. ఇష్టమైతే చేస్తాడు, లేకపోతే లేదు, పొగరు అని తేల్చేశాం.

అత్త ఒక్కతే తేల్చలేదు. మామ బయటికి బయలుదేరితే భుజం మీది తుండుగుడ్డ అంచున ముడులు వేసేది. మూడు పనులుంటే మూడు ముడులు. ఇంటికొచ్చాక గడపలోనే నిలబెట్టి, "ఇది ఏమి? ఇది ఏమి?" అని ఒక్కొక్కటీ విప్పించేది. మేం నవ్వేవాళ్లం. మామ సంసారం నలభై ఏళ్లు నిలబడింది ఆ ముడుల మీదనే అని అత్త పోయాకగాని మాకు తెలియలేదు.

అత్త పోయిన ఏడాది మామ రెండుసార్లు నీళ్లు లేని బావిలో మోటారు ఆడించి కాల్చేశాడు. తన వంతు నీళ్లు వదిలి మరిచిపోతే పక్క తోటలో ఎండబెట్టిన వేరుశనగ తడిసింది. బండిని సంతలో పెట్టి బస్సులో ఇంటికొచ్చి, బండి పోయిందని పోలీస్ స్టేషనుకు వెళ్లాడు. స్టవ్ వెలిగించి వదిలేశాడు. ఆ రోజు మామ కూతురు భయపడింది. ఇది మతి పోయే జబ్బేనని అందరం అనుకున్నాం. బావిలో వంతున్న ఇద్దరూ వచ్చి, మోటారు రూము తాళంచెవి ఇచ్చెయ్యమన్నారు. వాళ్ల తప్పు కూడా లేదు. అమ్మయితే వాళ్లకంటే గట్టిగా అంది: "ఇచ్చెయ్ రా. ఎవురినన్నా చంపేదానికా?"

మామ ఇవ్వలేదు. తాళంచెవి జేబులో పెట్టుకొని చేత్తో పట్టుకొని కూర్చున్నాడు. ఆ తోపూ, ఆ మోటారూ పోతే తనకు ఇంకేం మిగలదని ఆయనకు తెలుసు. నన్ను పక్కకు పిలిచి, "నాకు అదేనా పాపా? మీ అందర్నీ మరిచిపోతానా?" అని అడిగాడు. ఆ గొంతు నేను ఎప్పుడూ వినలేదు.

మదురైలో డాక్టరమ్మ దగ్గరికి అమ్మ, కూతురు, నేను కలిసి తీసుకుపోయాం. తలకు స్కాన్ తీశారు, రెండు పూటలు పరీక్షలు పెట్టారు. ఇది ఎప్పటి నుంచి అని ఆమె అడిగింది. తన అమ్మ పోయినప్పటి నుంచి అని మామ కూతురు చెప్పింది. మా అమ్మకు ఒళ్లు మండింది.

"యాడ ఇప్పుడు? ఏడేండ్లప్పుడే ఇంతేదా. ఒక చోట కుదురుగా కూర్చున్నాడా? పలక యాడ పెట్టినాడో తెలీదు, చొక్కా యాడ విప్పినాడో తెలీదు."

డాక్టరమ్మ రాయడం ఆపి, ఇంకా చెప్పమంది. అమ్మ చెప్పింది. బడిలో బెంచీ ఎక్కించిన సంగతులు, చెట్ల మీది నుంచి దూకిన సంగతులు. చెబుతూ చెబుతూ గొంతు తగ్గింది.

"లెక్కలు చేయమంటే లేచి పరిగెత్తుతా ఉండె. బావి తాడు తెచ్చి కాలికి కట్టి, రోటికి ముడి వేసినాను. మా నాయన గాదు. నేనుదా. పరీక్షలు అయ్యేదాకా రోజూ కట్టినాను."

మామే అన్నాడు: "నువ్వు గట్టిగా కట్టలే అక్కా. కాలు లాగితే ఊరికే వచ్చేసుండును. నువ్వు ఏడుస్తావని నేనే ఉంటిని."

ఇది మతిమరుపు జబ్బు కాదని డాక్టరమ్మ చెప్పింది. పేరు ఏడీహెచ్‌డీ: ధ్యాస ఒకచోట నిలవదు, ఒక్కోసారి ఒకదాన్నే పట్టుకొని వదలదు. చిన్నప్పటి నుంచీ ఉన్నదే. పిల్లలకే వస్తుందని, పెద్దయితే పోతుందని జనం అనుకుంటారు గాని, కొందరికి ముసలితనం దాకా ఉంటుందట. భార్య పక్కన ఉండి సర్దినంత కాలం బయటపడలేదు. ఆమె పోయి, వయసు కూడా తోడయ్యేసరికి పైకి వచ్చింది. సోమరితనం కాదు, పొగరు కాదు అని రెండుసార్లు అంది. రెండోసారి అమ్మ వైపు చూసి అంది. మామ గుండె బలహీనంగా ఉంది కాబట్టి ఏడీహెచ్‌డీకి మందు వద్దని, అలవాట్లతోనే నెట్టుకు రావాలని చెప్పింది.

తిరుగు దారిలో శ్రీవిల్లిపుత్తూరు దాటాక మామ అన్నాడు: "అరవై ఏండ్లు మీరు తిట్టినారు, సరి. మీకంటే రొంబ ఎక్కువ నన్ను నేనే తిట్టుకొన్నాను పాపా. ఆ తిట్లన్నీ ఎవురికి పోయి వాపసు ఇచ్చేది?"

సేత్తూరు కథ నేను మళ్లీ ఎవరికీ చెప్పలేదు.

మరునాడు అమ్మ తానే బావి దగ్గరికి పోయి, వంతువాళ్లిద్దరి ముందు నిలబడింది. "తాళంచెవి వాని దగ్గరే ఉంటాది. వంతు రోజు పొద్దున ఆరింటికి నేను ఫోన్ చేసి అన్నీ అడుగుతాను. ఏమన్నా అయితే నన్ను అడగండి" అని పూచీ పడింది. పక్క తోట ఆయన తల ఊపాడు గాని నమ్మలేదు.

అప్పటి నుంచి రెండేళ్లు ఆ ఫోన్ తప్పలేదు. అమ్మ స్పీకర్ పెట్టేది కాబట్టి నాకూ కంఠస్థం వచ్చేసింది.

"రిపేరు ఉండాదా?"

"ఉండాది."

"చెప్పు."

"మెయిన్ దించేది. ఫ్యూజు మూడూ పీకి చొక్కా జేబులో వేసేది. టెస్టరు పెట్టి చూసేది. అప్పుడుదా మూత తీసేది. సరియా, టీచరమ్మా?"

"ఎక్కిరించొద్దు. నీళ్లు పారేటప్పుడు?"

"ఫోన్‌లో అలారం మోగేదాకా గట్టు దిగేది లే."

"నా తలను నమ్మను పాపా, జేబును నమ్ముతాను" అనేవాడు నాతో. రెండేళ్లలో ఒక్క మోటారు కాలలేదు, ఒక్క మడి మునగలేదు. అయినా పక్క తోట ఆయన ప్రతి వంతుకూ ఒకసారి వచ్చి తొంగి చూసి పోయేవాడు. మామ అది గమనించేవాడు. నవ్వి ఊరుకునేవాడు గాని, ఆ నవ్వు నాకు నచ్చేది కాదు.

ఇప్పుడు ఆ ఆటో సంగతి. చోళపురం మలుపు దగ్గర అమ్మ నా చెయ్యి పట్టుకుంది. ఆ పొద్దున మామ వంతు, ఎదురింట్లో సీమంతం. తెల్లవారుజామునే అమ్మ బూరెలు వండటానికి వెళ్లింది. ఫోన్ మా ఇంట్లోనే ఉండిపోయింది.

"ఈ పొద్దు నేను వానికి ఫోన్ చేయలే" అంది. "మరిచిపోయినాను."

ఆ మాట అమ్మ నోట నేను అంతకుముందు వినలేదు. మామ మెయిన్ దించకపోయి ఉంటే ఊరు మామను అంటుంది. అమ్మ తనను తాను ఏం చేసుకుంటుందోనని నాకు భయం వేసింది. ఆటో ఎంత త్వరగా పోతే అంత మంచిదనీ, అసలు చేరకపోతే ఇంకా మంచిదనీ అనిపించింది.

తోపులో పదిహేను మంది దాకా ఉన్నారు. మోటారు రూములోకి ఎవరూ పోవడం లేదు, కరెంటాఫీసు వైర్‌మన్ వచ్చేదాకా. తలుపు దగ్గర నిలబడి మాట్లాడుకుంటున్నారు. "షాకేదా" అంటున్నాడు ఒకాయన. "ఇంకేమి అయుంటాది? ఆయన సంగతి తెలీదా?"

అమ్మ వాళ్లను దాటుకొని మంచం దగ్గరికి పోయింది. మామ ముఖం మామూలుగానే ఉంది. ఒంటి మీద తుండుగుడ్డ కప్పారు. అమ్మ అది పక్కకు తీసి, చొక్కా సర్దబోయి ఆగింది. జేబు ఉబ్బెత్తుగా ఉంది. నేను సాయం చేయబోయాను. నెట్టేసింది. తానే లోపలికి వేళ్లు పెట్టి ఒక్కొక్కటీ తీసింది. మూడు తెల్ల పింగాణీ ఫ్యూజులు.

అప్పుడు ఏడ్చింది. తోపంతా వినిపించేలా ఏడ్చింది.

కాసేపటికి వైర్‌మన్ వచ్చి లోపలికి పోయి చూసి, మెయిన్ దించే ఉందనీ, టెస్టరు ఆయన పడిన చోటే ఉందనీ చెప్పాడు. గుండె ఆగిపోయిందని ఆ మధ్యాహ్నం ఆస్పత్రిలో రాసిచ్చారు. పక్క తోట ఆయన అమ్మ ముందుకొచ్చి, "తప్పుగా అనేసినాను అక్కా" అన్నాడు.

ఆస్పత్రి నుంచి శవం ఇంటికొచ్చాక అమ్మ పక్కనే కూర్చుంది. తోటలకు కరెంటు మళ్లీ వచ్చే వేళ అయింది, దాటిపోయింది కూడా. మామ తర్వాతి వంతు పక్క తోట ఆయనది; ఫ్యూజులు లేకుండా మోటారు తిరగదు, ఆయన మడికి ఆ రోజు నీళ్లు తప్పక కావాలి. అయినా ఫ్యూజులు ఇమ్మని ఆయన అడగలేదు, ఎవరూ అడగలేదు. చూడటానికి వచ్చిన ప్రతి మనిషికీ అమ్మ పిడికిలి తెరిచి ఆ మూడు ఫ్యూజులూ చూపించి, మళ్లీ మూసుకుంటోంది. "ఈ పొద్దు నేను అడగనే లే," అంటోంది. "అయినా పీకి పెట్టుకొన్నాడు చూడండి."