రోల్ఫ్ డబ్బాలో మందు

మా అన్నయ్య డెల్మార్‌కి పెళ్ళెందుకు కాలేదని ఎవరైనా అడిగితే తుపాకీ మందు వల్ల అంటాను నేను. వంటింటి పక్క గదిలో మందు పీపాలు పెట్టుకుని, ఆ పక్కన పొయ్యి వెలిగించనివ్వని మనిషితో ఏ ఆడపిల్ల కాపురం చేస్తుంది? చెల్లెల్ని కాబట్టి నాకు తప్పలేదు. అమెరికా ఉత్తరపు కొస, మోంటానా చలిలో కోటు వేసుకుని అంట్లు తోమిన రోజులు నాకే తెలుసు.

మా లోయలో తూటాలు ఎవరికి వారు ఇంట్లోనే నింపుకుంటారు. కాల్చేసిన ఇత్తడి గొట్టాలు ఏరుకొచ్చి, మళ్ళీ మందు పోసి, సీసపు గుండు బిగిస్తారు. కొట్లో అమ్మే కొత్త మందు కొనే తాహతు ఆ రోజుల్లో మాకు లేదు. సైన్యం వదిలించుకున్న మందే గతి. యుద్ధం కోసం చేసిన తూటాలు మిగిలిపోతే వాటిని విప్పి, లోపలి మందుని అట్ట పీపాల్లో పోసి చవగ్గా అమ్మేవాళ్ళు. కానీ ఏ పీపాలో మందు ఎలాంటిదో తేల్చుకునే బాధ్యత కొన్నవాడిదే. మాగ్నం రివాల్వర్‌కైతే మరీ జాగ్రత్త పడాలి. దాని పెద్ద తూటాకి నిదానంగా కాలే మందు కావాలి. చురుకు మందు అదే కొలతలో పోస్తే తుపాకీ చేతిలోనే పగులుతుంది. చూడ్డానికి మాత్రం రెండూ ఒకేలాగ, బూడిద రంగు రవ్వలాగ ఉంటాయి.

అందుకే డెల్మార్‌ని అడగనిదే లోయలో ఎవరూ పీపా కొనేవారు కాదు. గొర్రెల వాళ్ళు, కలప కొట్టేవాళ్ళు, చివరికి మా పాస్టరు గారు కూడా మా వంటింట్లో కాఫీ తాగుతూ వాడి తీర్పు కోసం కాచుకుని కూర్చునేవారు.

“ధర సంగతి తర్వాత. ముందు పుట్టుక చెప్పు,” అనేవాడు అన్నయ్య. ఏ తూటాలోంచి తీశారు, ఎప్పటిది, పీపా మీద కాగితం ఉందా, మూత ఎవరైనా తీశారా? పిల్లనిచ్చే ముందు కూడా ఎవరూ అన్ని ఆరాలు తీయరు. అమ్మేవాడు బైబిలు మీద ఒట్టేసినా కాగితం లేని పీపా గడప దాటేది కాదు. అన్నీ కుదిరి తెచ్చిన పీపానైనా తక్కువ మందుతో మొదలుపెట్టి, తన రివాల్వర్‌లో తనే కాల్చి చూసుకున్నాకే ఊరికి ఊఁ అనేవాడు. బల్ల మీద ఒక్కసారి ఒక్క మందే ఉండాలి. పని అయిపోయాక కొలత గొట్టంలో మిగిలింది దాని పీపాలోకే పోవాలి. చాదస్తం అని నేను సణిగితే రెండు చేతులూ నా ముందు చాపి, “లెక్క పెట్టుకో, పదీ ఉన్నాయి,” అనేవాడు.

వాడి ప్రాణ స్నేహితుడు రోల్ఫ్ ట్వైట్‌ది సరిగ్గా ఎదురు స్వభావం. గొర్రెలు కాసుకునే మనిషి, నోరు తెరిస్తే నవ్వు. పీపా ఇద్దరూ కలిసి కొని చెరి సగం పంచుకునేవారు. రోల్ఫ్ తన సగాన్ని కాఫీ డబ్బాల్లో పోసి, పైన పెన్సిల్‌తో పేరు రాసుకునేవాడు. దారిన పోయే అమ్మకందారుల దగ్గర వేరే మందులు కూడా తెచ్చుకునేవాడు.

“మందుకి కూడా జాతకం చూస్తావేంట్రా?” అనేవాడు రోల్ఫ్.

“నువ్వు చూడవు కాబట్టే నేను చూస్తున్నా.”

“అందుకే నాకు పెళ్ళయింది, నీకు కాలేదు.”

ఒక ఏడాది మార్చిలో మంచు ఎత్తిపోస్తూ రోల్ఫ్ గుండె ఆగి పడిపోయాడు. అన్నయ్య సమాధి దగ్గర ఏడవలేదు. ఇంటికొచ్చి మందు గది తలుపేసుకుని ఏడ్చాడు. గోడ పలచన, నాకు అంతా వినిపించింది.

జూన్ వచ్చేసరికి రోల్ఫ్ భార్య మార్నా గొర్రెల మందని తనే కొండ మీదికి తోలుకెళ్తానంది. కిందటేడు ఎలుగుబంటి పడి గొర్రెల్ని చీల్చేసిన కొండ అది. ఒక పొద్దున మా ఇంటికొచ్చి రోల్ఫ్ మాగ్నం తూటాల ఖాళీ గొట్టాలు, ఒక కాఫీ డబ్బా బల్ల మీద పెట్టింది. డబ్బా మీద రోల్ఫ్ పెన్సిల్ రాత ఉంది. అది వాళ్ళిద్దరూ పంచుకున్న నిదానపు మందు అని రాసుంది.

“ఇవి నింపి పెట్టు డెల్మార్. నాకోసం అట్టిపెట్టి పోయినట్టున్నాడు,” అంది.

అన్నయ్య డబ్బా మూత తీశాడు, కాస్త అరచేతిలో పోసుకున్నాడు, మళ్ళీ మూత పెట్టేశాడు.

“నా పీపాలోది పోస్తాను. ఇది వద్దు.”

“ఏం, అదీ ఇదీ ఒకటే కదా?”

“ఒకటే అయ్యుండొచ్చు. పుట్టిన పీపాలో లేని మందు నేను తుపాకీలో పొయ్యను మార్నా. దీన్ని తోటలో చల్లేద్దాం, మొక్కలకి బలం.”

మార్నా ముఖం ఎర్రబడింది. “మా ఆయన రాత నీకు పనికిరాదన్నమాట. ముప్పయ్యేళ్ళు నీతో తిరిగిన మనిషి. పోయి మూణ్ణెల్లు కాలేదు, అప్పుడే తోటలో చల్లెయ్యాలా?”

“నేనన్నది రోల్ఫ్ గురించి కాదు.”

“ఇంకెవరి గురించి? నువ్వు నింపకపోతే మంగలి క్లియోన్ నింపుతాడు. వాడు ఇన్ని ప్రశ్నలు వెయ్యడు.”

డబ్బా పట్టుకుని లేచింది. క్లియోన్ సంగతి మాకు తెలుసు. డబ్బా మీద ఏది రాసుంటే అదే నమ్మి, గడ్డం గీస్తూనే నింపేసే రకం. అన్నయ్య అనుమానమే నిజమైతే ఆ తూటాలు కొండ మీద ఆవిడ చేతిలోనే పేలతాయి. అన్నయ్య దారికి అడ్డంగా నిలబడ్డాడు.

“సరే. ఇదే నింపుతాను. కానీ మొదటిది నా రివాల్వర్‌లో, నీ కళ్ళ ముందు.”

ఆ రివాల్వర్ తప్ప వాడి జీవితంలో విలాసం అనదగ్గది ఇంకోటి లేదు. దాన్ని తుడిచినంత శ్రద్ధగా వాడు తన ముఖం ఎన్నడూ తుడుచుకోలేదు. ఆ డబ్బా మందుతో ఒక తూటా నింపి అందులో పెట్టి, దాన్ని పాత లారీ టైరుకి కట్టి, గొట్టాన్ని మట్టి గట్టు వైపు తిప్పి, ట్రిగ్గర్‌కి పొడుగు తాడు ముడేశాడు. తాడు పట్టుకుని మేం ముగ్గురం గొడ్ల చావడి రాతిగోడ వెనక్కి వెళ్ళాం. అన్నయ్య తాడు లాగాడు.

మామూలు చప్పుడు కాదది. వెళ్ళి చూస్తే తూటాలు పెట్టే తిరుగుడు గది సగం లేదు, దాని మీది ఇనప పట్టీ పైకి లేచిపోయింది. పిడి ఉండాల్సిన చోట చెక్క పేళ్ళు. మార్నా తన కుడి చేతిని చూసుకుంది. ఎంతసేపో చూసుకుంది.

ఏం జరిగుంటుందో నాకు అర్థమైంది, ఆవిడకీ అర్థమైంది. రోల్ఫ్ ఎప్పుడో చురుకు మందుతో పని చేసుకుని, కొలత గొట్టంలో మిగిలింది చేతికందిన డబ్బాలో ఒంపేశాడు. ఈ పనిలో ఉన్నవాళ్ళు చేసే తప్పే అది. కబుర్లు చెప్పుకుంటూ చేస్తారు.

“ఇది నా పనే,” అన్నాడు అన్నయ్య ఉన్నట్టుండి.

మేమిద్దరం వాడి వైపు తిరిగాం.

“పోయిన శరదృతువులో రోల్ఫ్ షెడ్డులో కూర్చుని నింపుకున్నా. మిగిలింది చూడకుండా వాడి డబ్బాలో పోసేశా. అప్పట్నుంచీ అనుమానంగానే ఉంది. అందుకే ఇందాక వద్దన్నా. వాడి తప్పేం లేదు.”

అబద్ధమాడటం కూడా నేర్చుకోవాలి, మా వాడికి అదీ చేతకాదు. పోయిన శరదృతువంతా వాడు కాలు విరిగి, తుంటి దాకా కట్టుతో మంచం మీదున్నాడు. వారం వారం మార్నాయే గొర్రె మాంసం చారు కాచి తెచ్చింది. నేను నోరు తెరవబోతే వాడు నా వైపు ఒక్క చూపు చూశాడు. మూసుకున్నాను. ఆవిడ మాత్రం, “అలాగా,” అంది మెల్లగా. అంతే అంది.

అన్నయ్య తన పీపాలోని మందుతో ఆవిడకి తూటాలు నింపి, రోల్ఫ్ రివాల్వర్‌లో కాల్చి చూసి ఇచ్చాడు. ఆవిడ కొండెక్కింది. ఆ డబ్బా మందు మా తోటలో చల్లేశాం.

తుపాకీ పగిలిన సంగతి దాగుతుందా? ఎలా పగిలిందని ఎవరడిగినా అన్నయ్య అదే కథ చెప్పాడు. క్లియోన్ కత్తి కంటే నాలుక పదును. వారం తిరిగేసరికి లోయంతా పాకింది. డెల్మార్ క్విస్ట్ మందులు కలిపేశాట్ట, రోల్ఫ్ పెళ్ళాం చెయ్యి పోవాల్సిందట. మా వంటింట్లో కాఫీ తాగేవాళ్ళు తగ్గిపోయారు. పాస్టరు గారు కూడా తన పీపా గురించి క్లియోన్‌ని అడిగారని తెలిసిన రోజు అన్నయ్య అన్నం ముట్టలేదు. వాడికి భూమి లేదు, భార్యాబిడ్డలు లేరు. ఉన్నది ఆ ఒక్క మాట, డెల్మార్ చూశాడంటే నమ్మొచ్చు అనే మాట. అది పోయింది.

“నిజం చెప్పెయ్,” అన్నాను.

“ఎవరికి? ఆవిడకి రోల్ఫ్ తప్ప ఇంకేం మిగిలింది సిగ్నీ?”

“నీకేం మిగిలింది?”

వాడు లేచి మందు గదిలోకి వెళ్ళిపోయాడు. ఆ వేసవంతా నాకు మార్నా మీద ఒళ్ళు మండిపోయేది. తెలిసి కూడా నోరు మెదపకుండా కొండెక్కి కూర్చుందని తిట్టుకోని రోజు లేదు. ఇప్పుడు చెప్పడానికి సిగ్గేం లేదు, చచ్చేంత తిట్టుకున్నాను.

సెప్టెంబరులో మంద దిగింది. ఆ ఆదివారం ప్రార్థన అయ్యాక, చర్చి కింది గదిలో అందరం కాఫీకి చేరాం. మార్నా కప్పు బల్ల మీద పెట్టి నిలబడింది. ఎండకి నల్లబడి, చిక్కిపోయి ఉంది.

“ఒక మాట చెప్పాలి. ఆ డబ్బాలో మందు కలిపింది మా ఆయన. డెల్మార్ కాదు. తను కలిపానని చెప్పిన ఆ శరదృతువంతా డెల్మార్ కాలు కదపలేని స్థితిలో ఉన్నాడు, మీరూ చూడటానికి వచ్చారు, గుర్తు తెచ్చుకోండి. అతను తన తుపాకీ పగలగొట్టుకుని నా చెయ్యి కాపాడాడు. నేను మూడు నెలలు నోరు మూసుకున్నాను. రోల్ఫ్‌ని ఎవరితోనూ ఒక మాట అనిపించడం ఇష్టంలేక.”

క్లియోన్ బూట్లు చూసుకున్నాడు. పాస్టరు గారు ఇంకో రొట్టె ముక్క తీసుకుని తినకుండా పట్టుకున్నారు. అన్నయ్య మాత్రం కోపంగా ఆవిడ దగ్గరికి వెళ్ళాడు.

“ఎవరు చెప్పమన్నారు నిన్ను? వాడు లేడిప్పుడు. జవాబు చెప్పుకోలేడు. ఇంతమందిలో వాడి పరువెందుకు తీశావు?”

“ఆయన ఉండి ఉంటే ఏం చేసేవాడు డెల్మార్?”

జవాబు కూడా ఆవిడే చెప్పింది.

“ఇదే గదిలో నిలబడి, తప్పు నాదేనని చెప్పి, తన మీద తనే జోకు వేసుకుని నవ్వేవాడు. నీ పేరు పోతుంటే చూస్తూ కూర్చునే మనిషా ఆయన? నేను మర్చిపోయాను. నువ్వూ మర్చిపోయావు.”

అన్నయ్య పక్కనున్న కుర్చీలో కూలబడ్డాడు. సమాధి దగ్గర ఏడవని మనిషి, ఊరంతా చూస్తుండగా, చేతులతో ముఖం కప్పుకోవడం కూడా మర్చిపోయి ఏడ్చాడు. మార్నా పక్క కుర్చీ లాక్కుని, వాడి ఏడుపు తీరేదాకా అక్కడే కూర్చుంది.