వణికే చేతితో గుండె బొమ్మ

దిల్‌సుఖ్‌నగర్‌లో ఒక కోచింగ్ సెంటర్‌లో నేను చాలా ఏళ్ళుగా జువాలజీ చెబుతున్నాను. పుస్తకం చూడకుండా బోర్డు మీద బొమ్మ వేసి పాఠం చెప్పడం ఒక్కటే నాకున్న గొప్ప. కప్ప గుండె, మనిషి కన్ను, చెవి లోపలి నత్తగుల్ల, ఏదైనా సరే చాక్‌పీస్ ఎత్తకుండా గీసేసేదాన్ని. పాఠం మరిచిపోయినా మీ బొమ్మలు గుర్తున్నాయని పాత విద్యార్థులు మెట్రోలో కనబడి చెబుతుండేవారు.

రెండేళ్ళ క్రితం ఆ చేయి వణకడం మొదలైంది.

మొదట్లో ఎవరికీ తెలియలేదు. మూత్రపిండంలోని నెఫ్రాన్ గొట్టం ఎలాగూ మెలికలు తిరిగే ఉంటుంది కాబట్టి, గీత వణికినా చెల్లిపోయింది. గుండె దగ్గర దొరికిపోయాను. కవాటం గీస్తుంటే చాక్‌పీస్ బోర్డు మీద టకటకా కొట్టుకుంది. వెనక బెంచీలో ఎవరో కిసుక్కున నవ్వారు. ముందు వరుసలోని అమ్మాయి మాత్రం, "మేడమ్, పానం బాగలేదా?" అని అడిగింది.

"టిఫిన్ చేయలేదమ్మా, అంతే" అన్నాను. మర్నాటి నుంచి బొమ్మలు పుస్తకంలో చూసుకోమనడం మొదలుపెట్టాను.

మా మేనమామకు పార్కిన్సన్స్, అదే వణుకుడు జబ్బు, ఉండేది. చొక్కా గుండీ పెట్టుకోవడానికి ఆయన పడ్డ అవస్థ దగ్గరుండి చూసినదాన్ని. నాకూ అదే వచ్చిందనుకున్నాను. ఇంట్లో చెప్పలేదు. కాఫీ సగం గ్లాసే పోసుకునేదాన్ని, తొణకకుండా. నాలుగు నెలలు అలా నెట్టుకొచ్చి, ఒక సెలవు రోజున ఎల్బీ నగర్‌లో నరాల డాక్టరు దగ్గరికి ఒక్కదాన్నే వెళ్ళాను.

ఆయన తెల్ల కాగితం ఇచ్చి జిలేబీ చుట్టలాంటి గీత గీయించారు. ఒక గ్లాసులోంచి ఇంకో గ్లాసులోకి నీళ్ళు పోయించారు. గదిలో అటూ ఇటూ నడిపించారు. తరువాత, "మీ ఇంట్లో ఇంకెవరికైనా చేతులు వణికేవా?" అన్నారు.

"మా నాన్నగారికండీ. సంతకం పెట్టేటప్పుడు."

"అయితే ఆయన నుంచే వచ్చినట్టుంది. ఇది పార్కిన్సన్స్ కాదండీ. ఊరికే ఉన్నప్పుడు మీ చేయి వణకట్లేదు, పని చేసేటప్పుడే వణుకుతోంది. మాత్ర రాస్తాను, కొంత తగ్గుతుంది. భయపడకండి."

బయటికొచ్చి మెట్రో పిల్లరు పక్కన నిలబడి ఏడ్చాను. నల్గొండ బస్సుల వాళ్ళు అరుస్తూనే ఉన్నారు, నన్నెవరూ పట్టించుకోలేదు. చెరుకు రసం బండి దగ్గర నిండు గ్లాసు తీసుకుని, చీర మీద పడుతున్నా సరే, మొత్తం తాగాను.

ప్రాణం కుదుటపడింది గానీ బొమ్మ తిరిగి రాలేదు. మాత్రతో వణుకు సగమే తగ్గింది. ఇక చార్టులే గతి అనుకుని, మా సెంటర్‌లో పోస్టర్లు, వీడియోలు చేసే డిజైనరమ్మాయి దగ్గరికి వెళ్ళాను. నల్గొండ దగ్గరి పల్లె నుంచి వచ్చి రెండేళ్ళుగా ఆ ఉద్యోగం చేస్తోంది.

"గుండె చార్టు ఒకటి ప్రింటు తీయించమ్మా."

"మీరే మంచిగ గీస్తరు గద మేడమ్, చార్టెందుకు?"

ఇంట్లోవాళ్ళకు కూడా చెప్పని మాట ఎందుకో ఆమెకు చెప్పేశాను. ఆమె తన కుర్చీలో నన్ను కూర్చోబెట్టి, స్క్రీన్ మీద గీసే పెన్ను చేతికిచ్చింది.

గీశాను. అక్కడా గీత వణికింది. "చూశావుగా" అని పెన్ను పెట్టేయబోయాను.

"ఆగండి మేడమ్, జర స్టెబిలైజర్ పెంచుతా."

"స్టెబిలైజరేంటి, ఫ్రిజ్‌కి పెట్టేదా?"

ఆమె పడీపడీ నవ్వింది. "గసొంటిదే! కరెంటు ఎగిరిపడకుండ అది చూస్తది, గీత ఎగిరిపడకుండ ఇది చూస్తది. మెల్లగ గుంజండి."

గీత నా పెన్నుకు కాస్త వెనకగా, దారం లాగినట్టు వచ్చింది. బృహద్ధమని వంపు ఎక్కడా వణకలేదు. చాలాసేపు దాన్నే చూశాను. తరువాత అనుమానం పట్టుకుంది.

"ఇది నేను గీసిందెలా అవుతుందమ్మా? కంప్యూటర్ గీసింది."

"గుండె ఎట్లుంటదో దానికేం తెల్సు మేడమ్? యాడ వంపు తిరగాల్నో మీకు తెల్సు. నాకు గూడ తెల్వదు."

ఆ మాటతో నాకు ధైర్యం వచ్చింది. వరసగా పన్నెండు బొమ్మలు గీసి ఆడిస్తే కదులుతుందని, కొట్టుకునే గుండెనే గీద్దామని ఆమే అంది. రోజూ క్లాసులయ్యాక ఒక గంట కూర్చునేవాళ్ళం. ముందు గీసిన బొమ్మ అడుగున లేతగా కనబడుతుంటే, దాని మీద తరువాతి బొమ్మ గీయాలి. మొదటిసారి బద్ధకించి, ఒకే బొమ్మకు పన్నెండు కాపీలు తీసి కవాటాలు మాత్రం మార్చాను. ఆడించి చూస్తే గోడకు తలుపులు తెరుచుకుని మూసుకుంటున్నట్టుంది. మళ్ళీ మొదలుపెట్టి పన్నెండూ విడివిడిగా గీశాను. ఆమె ఈసారి స్టెబిలైజర్ కావాలనే తగ్గించింది. నా వణుకు వల్ల ఒక బొమ్మలోని గీతకూ తరువాతి బొమ్మలోని గీతకూ పిసరంత తేడా వచ్చింది. ఆడిస్తే ఆ తేడాకే కండరం అంతా కదులుతున్నట్టు కనబడింది.

"ఇగ జూడండి మేడమ్, కొట్టుకుంటున్నది!" అని చప్పట్లు కొట్టింది.

ఒక రోజు క్లాసులో దాన్ని ప్రొజెక్టర్ మీద వేశాను. రెండుసార్లు ఆడించి, "ఇది నేనే గీశాను. నా చేయి వణుకుతోంది, అందుకే బోర్డు మీద గీయట్లేదు" అని చెప్పేశాను. ఎవరూ నవ్వలేదు. "మా తాతకు గూడ గంతే మేడమ్" అన్నాడొకడు. వాడి పక్కవాడికి అదేమీ పట్టలేదు. చేయెత్తి, "ఆ రెండు కవాటాలు ఒక్కసారే మూసుకుంటయా మేడమ్?" అని అడిగాడు.

"మంచి ప్రశ్న. దాదాపు ఒకేసారి. మనం వినే లబ్-డబ్‌లో మొదటి చప్పుడు అదే" అంటూ బొమ్మను ఆపి, ఒక్కొక్కటిగా ముందుకు జరిపాను. ఆ వెనకే ఇంకో నాలుగు చేతులు లేచాయి. గంట కొట్టాక కూడా ఎవరూ కదలలేదు. తరువాతి పీరియడ్ ఫిజిక్స్ సారు గుమ్మంలో నిలబడి గడియారం చూసుకుంటున్నారు. "ఇంకొక్క అయిదు నిమిషాలండీ" అని ఆయనకు చెప్పి, మళ్ళీ మొదటి బొమ్మకు వెళ్ళాను.