డ్రైవరుగారు ఫోన్ ఎత్తలేదు

రిటైరయ్యాక ఒకచోట కుదురుగా కూర్చోలేకపోయేవాణ్ణి. ముప్పై ఏళ్ళు బస్సులో నిలబడి టికెట్లు కొట్టినవాణ్ణి మరి. అమలాపురంలో మా వీధి ఈ చివర నుంచి ఆ చివరకు పొద్దున్నే నాలుగుసార్లు తిరిగొచ్చి, మళ్ళీ గుమ్మంలో నిలబడేవాణ్ణి. "కాసేపు కూర్చోండి, మిమ్మల్ని చూస్తుంటే నాకు కళ్ళు తిరుగుతున్నాయి" అనేది మా ఆవిడ.

తొమ్మిదింటికి మాత్రం డ్రైవరుగారికి ఫోన్ చేసేవాణ్ణి. మేమిద్దరం పదకొండేళ్ళు ఒకే బస్సు మీద పనిచేశాం. భార్య పోయాక ఆయన పలివెలలో కొడుకూ కోడలి దగ్గర ఉంటున్నారు. మాట్లాడుకునేందుకు పెద్ద విషయాలేం ఉండవు. ఏం టిఫిను, వాన పడిందా, మోకాళ్ళెలా ఉన్నాయి. ఆ నాలుగు ముక్కలూ అయితేగానీ నాకు తెల్లారినట్టుండేది కాదు.

కిందటేడు వర్షాకాలంలో ఆయన ఫోన్ ఎత్తడం మానేశారు. మొదటిరోజు ఏదో పనిలో ఉన్నారనుకున్నాను. రెండోరోజూ, మూడోరోజూ మోగి మోగి ఆగిపోయింది. నేనేమైనా నోరు జారానా అని పాత మాటలన్నీ తవ్వుకున్నాను. కోడలికి చేస్తే, "బానే ఉన్నారండి బాబాయిగారూ. ఎవరితోనూ మాట్లాడ్డం లేదండి, అంతే" అంది. ఆ పూట అన్నం సయించలేదు. మర్నాడు పలివెల వెళ్దామని కొత్తపేట బస్సెక్కాను. సీట్లు ఖాళీగానే ఉన్నా కూర్చోబుద్ధి కాలేదు.

ఆయన పెరట్లో కొబ్బరాకుల ఈనెలు తీస్తూ కూర్చున్నారు. వెనక నుంచి రెండుసార్లు పిలిచాను. తిరగలేదు. ఎదురుగా వెళ్ళి నిలబడితే ఉలిక్కిపడ్డారు.

"ఎప్పుడొచ్చేరండీ?"

"ఫోన్ ఎందుకెత్తడం లేదండీ?"

ఆయన నా పెదాల వంక చూశారు. గట్టిగా మళ్ళీ అడిగాను.

"వినపడ్డం లేదండి" అన్నారు తలొంచుకుని. "మీరొకటడుగుతారు, నేనింకోటి చెప్తాను. మొన్న మనవరాలు కూడా నవ్వేసింది."

నాకు ఒళ్ళు మండింది. "ఆ ముక్క నాకు చెప్పొద్దా అండీ? నాలుగురోజులు చంపేసేరు నన్ను!"

"ఆయ్" అన్నారు. విన్నారో లేదో తెలియదు.

ఆ వారమే అమలాపురంలో చెవుల డాక్టరు దగ్గరికి లాక్కెళ్ళాను. చెవికి మిషన్ పెట్టుకుంటే ముసలాడంటారని ఆయన బెంగ. "డెబ్బై దాటేక ఇంకేమంటారండీ?" అంటే నవ్వారు. తీరా పెట్టుకుని బస్టాండులోకి రాగానే చెవులు మూసుకున్నారు. "ఇంత గోలలోనా అండి మనం ఉద్యోగం చేసింది!" అని మిషన్ తీసి జేబులో వేసేసుకున్నారు.

అలవాటుపడటానికి రెండు నెలలు పట్టింది. వారానికి రెండుసార్లు వెళ్ళి ఎదురుగా కూర్చుని కబుర్లు చెప్పేవాణ్ణి. కోడలు కూడా వంటింట్లోంచి కేకేయడం మానేసి, దగ్గరకొచ్చి నెమ్మదిగా మాట్లాడేది. ఇప్పుడాయన సాయంత్రాలు గుడి దగ్గర నలుగురితో కూర్చుంటున్నారు. వాదనకి కూడా దిగుతున్నారట.

మొన్న వెళ్ళినప్పుడు నన్నే పట్టుకున్నారు. "మీరీమధ్య ప్రతిదీ రెండుసార్లు అడుగుతున్నారండి. ఓసారి చూపించుకోండి."

చూపించుకుంటానన్నాను. ఇంకా వెళ్ళలేదు.