దిగినందుకు రుసుము

విమానం నేల మీద దిగినందుకు డబ్బు కట్టాలని మొదటిసారి విన్నప్పుడు నేను నవ్వాను. ఆ నవ్వు గుర్తొస్తే ఇప్పటికీ నా మీద నాకే ఒళ్లు మండుతుంది.

అప్పట్లో నేను కలకత్తా శివార్లలో ఒక ఫ్లయింగ్ క్లబ్బులో మెకానిక్‌ని. మా నాన్న పోర్టు కార్మికుడు, మా ఇల్లు వాట్‌గంజ్‌లో ఒక గది. పడవల ఇంజన్లు విప్పి బిగించే పనిలో ఉన్న నన్ను విమానాల షెడ్డులోకి తీసుకెళ్లింది ఆ క్లబ్బులో విమానం నడపడం నేర్పే బెంగాలీ ఆయన. ఆయన్ని దాదా, అంటే అన్నా, అని పిలిచేవాణ్ణి. భవానీపూర్ నుంచి రెండు బస్సులు మారి వచ్చేవాడు. ఆకాశంలో తిరిగే మనిషి కదా, డబ్బున్నవాడని మా వీధిలో అనుకునేవారు. ఆయన చొక్కా, అరిగిన కాలరు తిప్పి కుట్టించుకున్నదని నాకు మాత్రమే తెలుసు.

నగరానికి పడమరన, చిన్న విమానంలో అరగంట దూరంలో, యుద్ధకాలంలో వేసిన, గడ్డి పెరిగిన పాత రన్‌వే ఒకటి ఉండేది. చుట్టూ వరిపొలాలు. అక్కడ టవరు లేదు, దీపాల్లేవు, తాగడానికి కుళాయి కూడా లేదు. శిష్యులకు దిగడం, లేవడం నేర్పడానికీ, దారిలో మబ్బు కమ్మితే కాసేపు ఆగడానికీ మాకు అదే దిక్కు. గాలి ఎటు వీస్తోందో చూపే గుడ్డ గొట్టం చిరిగి పోగులైపోతే, కొత్తది ఇమ్మని ఎవరిని అడగాలో కూడా తెలియలేదు. చివరికి మా అమ్మే ముతక గుడ్డ తెప్పించి చేతిమిషను మీద కుట్టింది. నేనే స్తంభం ఎక్కి కట్టాను.

ఒకరోజు మేం అక్కడ దిగేసరికి గొడుగు కింద బల్ల వేసుకుని ఇద్దరు కూర్చుని ఉన్నారు. బల్ల మీద రసీదు పుస్తకం. దిగిన ప్రతి విమానానికీ ఇక నుంచి రుసుమని చెప్పారు. నేను నవ్వింది అప్పుడే.

దాదా మాత్రం నవ్వలేదు. "దేనికి? ఇక్కడ మీరు ఏం చేశారని?" అని అడిగాడు.

"రన్‌వే ఉంది కదా," అన్నాడు బల్ల దగ్గరి మనిషి.

"ఈ రన్‌వే మీరు పుట్టకముందు నుంచీ ఉంది."

"పైనుంచి ఆర్డరొచ్చింది, దాదా. నేను గుమాస్తాని."

దాదాయే తన జేబులోంచి తీసి కట్టాడు. ఆ సాయంత్రం ఇంట్లో చెబితే అమ్మ మిషను ఆపేసింది. "ఇదేటిరా? గుడ్డ నాను కుట్నాను, కట్టింది నువ్వు. మరి డబ్బులు ఆళ్లకేటి?" అంది.

క్లబ్బు సెక్రటరీ ఇంకో అడుగు ముందుకేశాడు. అవసరం లేకుండా బయట దిగితే ఆ రుసుము నేర్పేవాడి జీతంలోంచే కోస్తామని నోటీసు అంటించాడు. అవసరమో కాదో ఎవరు తేలుస్తారు? కుర్చీలో కూర్చున్న ఆయనే. ఊరంతా జెండాలూ ఊరేగింపులే కదా, మనవాళ్లు ఊరుకోరు అనుకుని మా షెడ్డు యూనియన్ నాయకుడి దగ్గరికి వెళ్లాను. "విమానాలంటే డబ్బున్న బాబుల సరదా. దానికి మనం జెండా పట్టుకోవాలా?" అన్నాడాయన టీ ఊదుకుంటూ. బాబులు ఆ గడ్డిలో ఎప్పుడు దిగారు? వాళ్లు దిగేది అద్దాల తలుపులున్న పెద్ద విమానాశ్రయంలో. ఆ గడ్డిలో దిగేది మాలాంటి వాళ్లమే. ఈ మాట ఎన్నిసార్లు చెప్పినా ఆయన చెవికి ఎక్కలేదు.

అది ఏప్రిల్ నెల. పడమటి వైపు ఒక ఊళ్లో చెడిపోయిన విమానాన్ని బాగుచేసి నేనూ దాదా మా రెండు సీట్ల విమానంలో తిరిగొస్తున్నాం. మధ్యాహ్నం దాటింది. వెనక వాయవ్యాన ఆకాశం సిరా ఒలికినట్టు నల్లబడింది. కాల్‌బైశాఖి. ఆ వేసవి గాలివాన ఎంత వేగంగా తరుముకొస్తుందో బెంగాల్లో చిన్నపిల్లలకు కూడా తెలుసు. సరిగ్గా మా కింద ఆ పాత రన్‌వే ఉంది. మా అమ్మ కుట్టిన గుడ్డ బిగుసుకుని నిలబడి ఉంది.

"దాదా, దిగిపోదాం. తాళ్లున్నాయి, రెక్కలు నేలకి కట్టేద్దాం," అన్నాను.

ఆయన కిందికి చూశాడు. వెనక్కి చూశాడు. గొడుగు కింద బల్ల కనిపిస్తూనే ఉంది.

"పోయిన నెల రెండుసార్లు కోశారు," అన్నాడు మెల్లగా. "ఇంకో అరగంటేగా. మన ఫీల్డుకే పోదాం."

పది నిమిషాల్లో గాలి మమ్మల్ని పట్టుకుంది. విమానం అగ్గిపెట్టెలా ఎగిరెగిరి పడింది. వాన తెరలో ముందేముందో తెలియలేదు. పొలంలో దించడం తప్ప దాదాకి వేరే దారి లేకపోయింది. చక్రం గట్టుకు తగిలి విమానం తిరగబడింది. నాకు మణికట్టు విరిగింది. దాదా కదల్లేదు. ఊరివాళ్లు పరుగెత్తుకొచ్చి తలుపు విరగ్గొట్టి, ఆయన్ని నిచ్చెన మీద పడుకోబెట్టి రోడ్డుదాకా మోసుకెళ్లారు. వెన్నెముక దెబ్బతింది. బతికాడు కానీ, మళ్లీ విమానం నడపలేదు.

విచారణకు వచ్చిన అధికారి మర్యాదస్తుడు. నాకు కుర్చీ చూపించాడు. రన్‌వే దాటి ఎందుకు వచ్చారని అడిగితే రుసుము సంగతి చెప్పాను. ఆయన కలం ఆగింది.

"దిగొద్దని ఎవరైనా అన్నారా?"

"అనలేదు."

"ప్రమాదంలో ఉంటే దిగొచ్చు కదా?"

"దిగొచ్చు. డబ్బు కట్టి."

"అంటే దిగకపోవడం పైలట్ సొంత నిర్ణయం," అని రాసుకున్నాడు. సాక్షిగా సంతకం పెట్టమన్నాడు. నేను పెట్టలేదు. లేచి వచ్చేశాను. నా సంతకం లేకుండానే రిపోర్టు వెళ్లింది.

తప్పించుకోవడానికి ఉన్న ఒక్క చోటికి గేటు పెట్టి టిక్కెట్టు అమ్మారు. మనిషి ఒక్క క్షణం తటపటాయిస్తే, తప్పు అతనిదేనన్నారు. నేను ఎన్ని రకాలుగా ఆలోచించినా ఇందులో ఇంకో అర్థం కనిపించలేదు.

వర్షాకాలం పోయాక భవానీపూర్‌లో దాదా ఇంటికి వెళ్లాను. చేతికర్రతో నాలుగడుగులు వేసి చూపించాడు. తర్వాత మంచం మీద కూర్చుని, "తప్పు నాదే. దిగాల్సింది," అన్నాడు. నాకు ఎక్కడలేని కోపం వచ్చింది. "ఆ మాట వాళ్లు రాశారు చాలదా, మీరూ అంటారా?" అని అరిచాను. వాళ్లావిడ టీ కప్పులతో గుమ్మంలోనే ఆగిపోయింది. ఆయన తల వంచుకున్నాడు. ఆ గదిలో అలా అరిచినందుకు సిగ్గుపడ్డాను, కానీ మాట వెనక్కి తీసుకోలేదు.

కొన్నాళ్లకు ఆర్డరు మారింది. అత్యవసరంగా దిగితే రుసుము ఉండదట. అయితే అది అత్యవసరమేనని పైలట్ కాగితాలతో రుజువు చేసుకోవాలట. అప్పటికే శిష్యులెవరూ అటు వెళ్లడం లేదు. గొడుగూ బల్లా కూడా లేచిపోయాయి. ఆపైన, విమానాలు రావడం లేదు కాబట్టి ఆ రన్‌వే అక్కర్లేదని తేల్చి, ఎవరూ దిగకుండా దానికి అడ్డంగా కందకాలు తవ్వించారు.

ఆ కబురు దాదాకి నేనే చెప్పాను. ఆయన కిటికీలోంచి ట్రాఫిక్కుని చూశాడు. ఉన్నట్టుండి, భార్య పక్క గదిలో ఉందని కూడా చూడకుండా, పచ్చి బూతు ఒకటి తిట్టాడు. గోడ మీదికి కర్ర విసిరికొట్టాడు. "వాళ్లే చేశారు. నా నడుం వాళ్లే విరగ్గొట్టారు," అన్నాడు.

నాకు ప్రాణం లేచొచ్చింది. కర్ర తెచ్చి ఆయన చేతిలో పెట్టాను.